చర్మమూ ఒక అమానతే

పురుషుల చర్మరక్షణ అనగానే చాలామంది పెదవి విరుస్తారు. అది ఆడవారి వ్యవహారమనీ, మగవాడు అద్దం ముందు నిలబడటం తగదనీ మన ఇళ్ళలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. అందువల్ల ఎండకు మాడిన మెడనూ, సిమెంటు తిన్న అరచేతులనూ, పగిలిన మడమలనూ, ఏళ్ళ తరబడి మానని తామరనూ కష్టజీవికి సహజమని సరిపెట్టుకుంటాం. మరోవైపు, నికాహ్ సంబంధాలు చూడటం మొదలు కాగానే అదే ఇంటి యువకుడు ఎవరికీ చెప్పకుండా మందుల దుకాణం నుండి ఒక చిన్న ట్యూబు తెచ్చుకుని రాత్రిపూట ముఖానికి పూసుకుంటాడు. ఈ రెండు ధోరణులూ పైకి పరస్పర విరుద్ధంగా కనిపించినా, వాటి మూలం ఒక్కటే. చర్మమంటే రంగు మాత్రమేనని మనం అనుకుంటున్నాం.

ఈ శరీరం మన సొంత ఆస్తి కాదని, అది సృష్టికర్త మనకు అప్పగించిన అమానత్ అని మనం పిల్లలకు బోధిస్తాం. కంటిని కాపాడుకోవాలంటాం, కడుపును కాపాడుకోవాలంటాం. మరి శరీరమంతటినీ కప్పి కాపాడే చర్మం సంగతి ఎందుకు మరచిపోతాం? దానిని రక్షించుకోవడానికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. మన వంటింటిలోనూ, మన అలవాట్లలోనూ, మన వుజూలోనూ ఉన్నవి చాలావరకు సరిపోతాయి. అయితే ప్రకృతి ఇచ్చినదంతా నిరపాయకరమని భ్రమపడకుండా, దేనికి ఎంత హద్దో తెలుసుకోవడం అవసరం. ఈ వ్యాసంలో ఆ రెండింటినీ చెప్పుకుందాం.

చర్మం చేసే కొలువు

పెరిగిన మనిషి చర్మాన్ని పరిస్తే అది సుమారు రెండు చదరపు మీటర్లు వస్తుంది. శరీరంలోని నీటిని ఆవిరైపోకుండా ఆపడం, బయటి క్రిములను లోపలికి రానివ్వకపోవడం, చెమట ద్వారా వేడిని తగ్గించడం, స్పర్శను తెలియజేయడం, ఎండ తగిలినప్పుడు విటమిన్ డి తయారుచేయడం దాని నిత్యకృత్యాలు. పైపొరలోని కణాలు అడుగు నుండి పుట్టి, మెల్లగా పైకి వచ్చి, రాలిపోవడానికి సుమారు ఒక నెల, కొందరిలో అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. కనుక చెడిన చర్మం బాగుపడాలన్నా నెల రోజుల ఓర్పు కావాలి. మూడు రోజులలో ముఖం మారిపోతుందని చెప్పే ఏ డబ్బానైనా ఈ ఒక్క విషయం ఆధారంగానే అనుమానించవచ్చు.

చర్మం మీద పలుచని నూనెపొర ఒకటి ఉంటుంది. దానికి స్వల్పమైన ఆమ్లగుణం ఉంటుంది. అదే క్రిములకు ప్రహరీగోడ. పురుషుల చర్మంలో నూనె గ్రంథులు ఎక్కువ చురుకుగా పనిచేస్తాయి కనుక మొటిమలు, జిడ్డు, గడ్డంలో చుండ్రు వారిలో తరచుగా కనిపిస్తాయి. ఆ జిడ్డును చూసి విసుగు చెంది, బట్టల సబ్బుతో ముఖం రుద్దుకునేవారు ఉన్నారు. సబ్బులకు క్షారగుణం ఎక్కువ. వాటితో పదే పదే రుద్దితే ఆ ప్రహరీగోడ కూలిపోతుంది. చర్మం పొడిబారుతుంది, చిట్లుతుంది, దురద పుడుతుంది. దురద పుట్టిన చోట గోరు పడుతుంది, గోరు పడిన చోట పుండు పడుతుంది.

కడగడంలో మితం, తుడవడంలో శ్రద్ధ

రోజుకు ఐదుసార్లు వుజూ చేసే మనిషికి పరిశుభ్రత అనేది విడిగా నేర్పవలసిన పాఠం కాదు. అయితే వుజూకు కావలసింది నీరు మాత్రమే. ప్రతిసారీ సబ్బు వాడనక్కరలేదు. మహాప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే సుమారు మూడింట రెండు వంతుల లీటరుతో, వుజూ చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. పారే ఏటి ఒడ్డున ఉన్నా నీటిని వృథా చేయరాదన్న బోధ మనకు తెలిసినదే. నీటి పొదుపుతో పాటు చర్మానికి కూడా అందులో మేలుంది. మసీదు పంపు కింద మోచేతులను పదేపదే రుద్దడం వల్ల శుద్ధి పెరగదు, చర్మం మాత్రం ఎండిపోతుంది.

చలికాలంలో పొగలు కక్కే వేన్నీళ్ళతో స్నానం చేయడం చాలామందికి ఇష్టం. ఆ వేడికి చర్మంలోని సహజమైన నూనె కరిగిపోతుంది. గోరువెచ్చని నీరు చాలు. సబ్బును చంకలు, గజ్జలు, పాదాలు వంటి చెమట పట్టే చోట్లకు పరిమితం చేసి, మిగిలిన ఒంటికి పెసరపిండిని పలుచగా వాడుకోవచ్చు. నలుగును ఇసుకలాగా గరుకుగా రుద్దకూడదు. మెత్తగా జల్లించిన పిండిని నీటితో కలిపి, పూసి, కడిగివేయాలి.

తుడుచుకోవడం కడుక్కోవడమంత ముఖ్యం. వుజూలో కాలివేళ్ళ సందులలో చిటికెన వేలిని పోనిచ్చి తడపడం సున్నత్. మనం అంతవరకు చేసి, ఆ తడి కాళ్ళతోనే బూట్లు తొడుగుతాం. వేళ్ళ సందులు తెల్లగా నానిపోయి, ఒరుసుకుని, దుర్వాసన వేసే స్థితి అక్కడే మొదలవుతుంది. వేళ్ళ సందుల కోసం ఒక చిన్న పొడి గుడ్డను ఇంట్లోనూ, పని చేసే చోటా ఉంచుకుంటే సగం బాధ తీరుతుంది. మేజోళ్ళు నూలువి కావాలి, రోజూ మార్చాలి. మధుమేహం ఉన్నవారు రాత్రి పడుకునే ముందు పాదాలను, అడుగుభాగంతో సహా, వెలుతురులో చూసుకోవాలి. తమకు కనిపించకపోతే భార్యనో, కొడుకునో చూడమనాలి. స్పర్శ తగ్గిన పాదంలో మేకు గుచ్చుకున్నా తెలియదు.

నూనె: పాత నేస్తం

తలకు, ఒంటికి నూనె రాసుకోవడం మన పెద్దల అలవాటు. జుట్టు ఉన్నవారు దానిని గౌరవంగా, చక్కగా ఉంచుకోవాలని మహాప్రవక్త (స) బోధించారు. ఆయన తలకు నూనె వాడేవారని కూడా తెలుస్తున్నది. మన నేలలో ఆ పనికి కొబ్బరినూనె, నువ్వులనూనె చేతికి అందుబాటులో ఉన్నాయి. పొడిబారి దురదపెట్టే చర్మం ఉన్న పిల్లల మీద 2014లో ఫిలిప్పీన్స్ దేశంలో వెలువడిన ఒక అధ్యయనంలో కొబ్బరినూనె మంచి ఫలితమిచ్చింది. చర్మం నుండి నీరు ఆవిరైపోకుండా అది ఆపింది.

నూనె రాసుకోవడానికి సరైన వేళ స్నానమైన వెంటనే. ఒళ్ళు పూర్తిగా ఆరిపోకముందే, కొద్దిగా తేమ ఉండగానే, అరచేతిలో నాలుగైదు చుక్కలు వేసుకుని చేతులకు, మోకాళ్ళ కింద భాగానికి, మడమలకు పలుచగా రాసుకోవాలి. ఆ తేమను నూనె లోపలే బంధించి ఉంచుతుంది. పగిలిన మడమలకు రాత్రి గోరువెచ్చని నీటిలో పావుగంట నానబెట్టి, తుడిచి, నూనె గానీ సాదా వాసెలిన్ గానీ దట్టంగా రాసి, నూలు మేజోళ్ళు తొడుక్కుని పడుకుంటే రెండు మూడు వారాలలో మార్పు కనిపిస్తుంది. మధుమేహం ఉన్నవారు మాత్రం పాదాలను నానబెట్టకూడదు, కేవలం రాసుకోవాలి. అదీ వేళ్ళ సందులు వదిలి.

ముఖం మీద మొటిమలు ఉన్నవారికి కొబ్బరినూనె సరిపడదు, అది రంధ్రాలను మూసివేస్తుంది. తామర మచ్చల మీద, చెమటకాయల మీద కూడా నూనె వద్దు. అక్కడ కావలసింది గాలి, పొడిదనం.

నూనె రాసుకుంటే వుజూ అవుతుందా అని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. నూనె, పలుచని క్రీము నీటిని చర్మానికి చేరకుండా అడ్డుకునే గట్టి పొరను ఏర్పరచవు. నీరు జారిపోయినట్లు కనిపించినా చర్మం తడుస్తుంది, వుజూ నెరవేరుతుంది. ఎండి గట్టిపడిన పెయింటు, జిగురు, మైనం వంటివి మాత్రం అడ్డుపొరలు. వాటిని తొలగించాలి. పగుళ్ళలో మందు పెట్టుకుని, నీరు తగిలితే హాని కలిగే పరిస్థితి ఉంటే తడిచేతితో పైపైన తుడిస్తే చాలునని ఫిఖ్హ్ పండితులు వెసులుబాటు తెలిపారు. అది కూడా హాని చేసే గాయాలకు వేరే ఆదేశాలు ఉన్నాయి. ధర్మం మనిషిని బాధపెట్టడానికి రాలేదు. నమాజు కోసమని పుండును రుద్ది పెద్దది చేసుకోనవసరం లేదు.

ఎండలోనూ, చెమటలోనూ

మన సమాజంలో ఎందరో ఎండలో బ్రతుకుతున్నారు. తాపీమేస్త్రీలు, ఆటో నడిపేవారు, తోపుడుబండి మీద పండ్లమ్మేవారు, వెల్డింగ్ పనివారు, పొలం కూలీలు. నిజామాబాద్, కరీంనగర్, కడప ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన మన సోదరుల సంగతి చెప్పనక్కరలేదు. అక్కడి ఎండ తీవ్రత చూసి ప్రభుత్వాలే వేసవి మధ్యాహ్నాలలో ఆరుబయట పనిని నిలిపివేస్తున్నాయి. సౌదీ అరేబియాలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుండి 3 గంటల దాకా, యు.ఏ.ఈ.లో అవే తేదీలలో 12.30 నుండి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదు. ఇది పనివాని హక్కు. కొడుకుతో ఫోనులో మాట్లాడేటప్పుడు జీతం సంగతితో పాటు ఈ సంగతి కూడా అడగాలి.

ఎండను ఏ నూనే ఆపదు. కొబ్బరినూనె రాసుకుంటే ఎండ తగలదనుకోవడం పొరపాటు. ఎండను ఆపేది బట్ట. మెడ వెనుక భాగాన్ని కప్పే రుమాలు, పొడుగు చేతుల నూలు చొక్కా, అంచున్న టోపీ, గొడుగు. అరబ్బులు తలకు, మెడకు గుత్రా చుట్టుకోవడంలో ఉన్న వివేకం ఇదే. బట్టతో కప్పలేని ముఖానికి, చెవుల అంచులకు జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము వాడుకోవచ్చు, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. వెల్డింగ్ వెలుగులో కూడా ఎండలో ఉన్న అతినీలలోహిత కిరణాలే ఉంటాయి. ముఖానికి కవచం లేకుండా ఆ పని చేస్తే కళ్ళతో పాటు మెడ, ఛాతీ పైభాగం కూడా కాలుతాయి.

చెమటకాయలకు అసలైన చికిత్స చల్లదనం. పని ముగిసిన వెంటనే చన్నీటి స్నానం చేయాలి, వదులుగా ఉండే నూలు బట్ట కట్టాలి, తడిసిన బనియనును వెంటనే విప్పాలి. ఒకే తువ్వాలును నలుగురు వాడే అలవాటు గదులలో ఉంటే మానుకోవాలి. తామర ఒకరి నుండి మరొకరికి చేరే దారులలో అది ఒకటి.

సిమెంటు, సున్నం, పెయింటు

తడి సిమెంటుకు చర్మాన్ని తినివేసేంతటి క్షారగుణం ఉంటుంది. అందులోని క్రోమియం వల్ల కొందరికి జీవితాంతం వదలని ఎలర్జీ పడుతుంది. బూటులోకి దిగిన తడి సిమెంటు మొదట నొప్పి పుట్టించదు. కొన్ని గంటల తరువాత చూసేసరికి పుండు లోతుగా దిగి ఉంటుంది. కనుక ఒంటి మీద పడిన వెంటనే పారే నీటితో చాలాసేపు కడగాలి, తడిసిన బట్టను విప్పివేయాలి. రబ్బరు తొడుగులు, గమ్ బూట్లు మేస్త్రీకి విలాసం కాదు, తాపీ ఎంత అవసరమో అవీ అంతే.

పెయింటు పనివారు చేతులను థిన్నరుతోనో, కిరోసిన్‌తోనో కడుగుతారు. అవి పెయింటుతో పాటు చర్మపు నూనెను కూడా లాగివేస్తాయి. పనిలోకి దిగేముందే చేతులకు పలుచగా వాసెలిన్ రాసుకుంటే పెయింటు గట్టిగా అంటదు. అంటినదానిని కొబ్బరినూనెతో మర్దన చేసి, పాత గుడ్డతో తుడిచి, తరువాత సబ్బుతో కడిగితే చాలావరకు వదులుతుంది. వుజూకు ముందు ఆదుర్దాగా బ్లేడుతో గీకేవారికి ఈ పద్ధతి మేలు.

గడ్డం, గోరింటాకు, అత్తరు

గడ్డం పెంచుకున్నంత మాత్రాన సరిపోదు, దాని కింద చర్మం ఉన్నదని గుర్తుంచుకోవాలి. వుజూలో గడ్డం లోపలికి తడివేళ్ళు పోనిచ్చినట్లే, వారానికి రెండు మూడుసార్లు తల కడుక్కునేటప్పుడు గడ్డాన్ని కూడా కుంకుడు రసంతోనో, మృదువైన షాంపూతోనో కడిగి, ఆరాక ఒక చుక్క నూనెతో దువ్వుకోవాలి. చుండ్రు, ఎర్రదనం ఎక్కువగా ఉంటే నూనె మాని వైద్యునికి చూపాలి.

గొంతు మీద, చెంపల మీద వెంట్రుకలు తీయించుకునేవారు మంగలి దుకాణంలో కొత్త బ్లేడు వేయించుకోవాలి. చర్మవ్యాధులే కాక కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి కూడా పాత బ్లేడు మీదుగా వస్తుంది. ఇంట్లో గీసుకునేవారు వెంట్రుక మొలిచిన దిశలోనే గీయాలి, ఎదురు గీస్తే వెంట్రుక లోపలికి ముడుచుకుని పొక్కులు లేస్తాయి. చంకలు, నాభి కింది వెంట్రుకలను నలభై రోజులు దాటనివ్వరాదన్న నియమం మనకున్నది. అందుకు పొడులు, క్రీములు వాడేవారు డబ్బా మీద రాసిన నిమిషాలను మించి ఉంచరాదు. ఆ సున్నితమైన చోట కాలిన గాయమైతే చెప్పుకోలేక దాచిపెడతారు, అది చీము పడుతుంది.

తెల్లబడిన గడ్డానికి గోరింటాకు పెట్టడం హదీసులలో ప్రస్తావనకు వచ్చిన అలవాటు. గోరింటాకు సహజంగా ఇచ్చేది ఎరుపు, నారింజ రంగులు. పది నిమిషాలలో నల్లగా మార్చే "నల్ల గోరింటాకు"లో సాధారణంగా పారాఫెనిలిన్ డయామిన్ అనే రసాయనం కలుపుతారు. అది కొందరికి ముఖం వాచి, కళ్ళు మూసుకుపోయేంతటి ఎలర్జీని తెస్తుంది. ఒకసారి పడని వానికి మరోసారి మరింత తీవ్రంగా వస్తుంది. కొత్త పొడి ఏదైనా సరే, ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి రెండు రోజులు చూడాలి.

అత్తరు మన సంస్కృతిలో భాగం. అయితే నిమ్మజాతి తైలాలు కలిసిన కొన్ని సుగంధాలు మెడ మీద రాసుకుని ఎండలో తిరిగితే అక్కడ నల్లటి చారలు పడతాయి. అత్తరును చొక్కాకు రాసుకుంటే పరిమళమూ దక్కుతుంది, మెడా దక్కుతుంది. బట్టకు మరకపడే రకమైతే లోపలి వైపున రాసుకోవచ్చు.

ప్రకృతి కూడా కాలుస్తుంది

సహజమైనది కదా, ఏమవుతుందిలే అన్న మాట మనం తరచుగా వింటాం. నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళ్ళినవారికి బొబ్బలు లేచి, నెలల తరబడి నల్లమచ్చలు మిగులుతాయి. నల్లజీడి గింజ రసం తగిలితే ఒళ్ళు పొక్కుతుంది. పచ్చి వెల్లుల్లి కట్టుకడితే చర్మం కాలుతుంది. కలబందను కోసినప్పుడు కారే పసుపుపచ్చని జిగురు దురదపెడుతుంది. దానిని పూర్తిగా కారనిచ్చి, కడిగి, లోపలి తెల్లని గుజ్జును మాత్రమే వాడాలి. ఆ గుజ్జు ఎండకు కమిలిన చర్మానికి చల్లదనాన్నిస్తుంది.

మన విద్యా చరిత్రలోనే దీనికి ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. 13వ శతాబ్దంలో అందలూసియాకు చెందిన మూలికా శాస్త్రవేత్త ఇబ్న్ అల్ బైతార్, బొల్లి మచ్చలకు ఒక మొక్క గింజలను ఇచ్చి రోగిని ఎండలో కూర్చోబెట్టే పద్ధతిని తన గ్రంథంలో నమోదు చేశాడు. శతాబ్దాల తరువాత, 1940లలో, కైరోలో చర్మవైద్యుడు అబ్దుల్ మున్ఇమ్ అల్ ముఫ్తీ ఆ మొక్క నుండి తీసిన పదార్థంతోనే బొల్లికి చికిత్స చేసి చూపాడు. సొరాలిన్ అనే ఆ పదార్థాన్ని, అతినీలలోహిత కాంతిని కలిపి చేసే చికిత్స నేడు ప్రపంచమంతటా ఉన్నది. మన దేశపు బావంచాలలో కూడా ఈ జాతి పదార్థమే ఉంటుంది. మందు పనిచేస్తుంది, అందుకే అది ప్రమాదకరం కూడా. మోతాదు, ఎండలో కూర్చునే నిమిషాలు లెక్క తప్పితే మచ్చ స్థానంలో కాలిన గాయం మిగులుతుంది. ఇంట్లో బావంచాలు నూరి రాసుకుని ఎండలో కూర్చోవడం అందుకే తగదు.

యునానీ వైద్యం మీద నమ్మకం ఉన్నవారికి హైదరాబాదులోని ఎర్రగడ్డ ప్రాంతంలో చర్మవ్యాధుల కోసం జాతీయ యునానీ పరిశోధనా సంస్థ ఉన్నది. కేంద్ర ప్రభుత్వ ఆధ్వర్యంలో నడిచే ఆ సంస్థ బొల్లి చికిత్సకు ప్రసిద్ధి. సంతలో సీసా పట్టుకుని కూర్చున్నవానికీ, చదువుకున్న హకీముకూ తేడా తెలుసుకోవాలి.

ఆ చిన్న ట్యూబు కథ

ఇప్పుడు మొదట చెప్పుకున్న యువకుని వద్దకు వద్దాం. అతడు తెచ్చుకున్న ట్యూబులో చాలా తరచుగా ఉండేది స్టిరాయిడ్. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటివి వాటి పేర్లు. అవి మంచి మందులే. వైద్యుడు చెప్పిన జబ్బుకు, చెప్పిన చోట, చెప్పిన రోజులు వాడితే మేలు చేస్తాయి. ఫెయిర్‌నెస్ క్రీముగా నెలల తరబడి ముఖానికి పూస్తే మొదట్లో తెల్లబడినట్లు కనిపిస్తుంది. తరువాత చర్మం పలుచబడుతుంది, సన్నని ఎర్ర నరాలు బయటపడతాయి, మొటిమలు విరగబూస్తాయి, ఎండ సోకితే మంట. మానివేద్దామంటే ముఖమంతా ఎర్రబడి మండుతుంది కనుక భయపడి మళ్ళీ అదే పూస్తాడు. ఇది ఒక రకమైన వ్యసనం. ఈ స్థితికి చేరినవారు తమంతట తాము ఆపక, చర్మవైద్యుని పర్యవేక్షణలో మెల్లగా మానాలి.

తామరకు కూడా ఇదే జరుగుతున్నది. దురద మలాము అని అడిగితే దుకాణంలో ఇచ్చే ట్యూబులో స్టిరాయిడ్, శిలీంధ్రాల మందు, క్రిముల మందు కలిపి ఉంటాయి. రెండు రోజులలో దురద ఆగుతుంది. కానీ శిలీంధ్రం చావదు, స్టిరాయిడ్ నీడలో మరింత విస్తరిస్తుంది. మన దేశంలో మందులకు లొంగని తామర ఎందుకు ఇంతగా వ్యాపించిందని వైద్యులు వెదికితే, ఈ మిశ్రమ మలాములు ఒక ముఖ్యకారణంగా తేలాయి. అలా మొండికేసిన ఒక శిలీంధ్రానికి 2020లో శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోనే మన దేశపు పేరు చేరింది: ట్రైకోఫైటాన్ ఇండోటినియే. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ చర్మ మందులను వైద్యుని చీటీ మీదనే అమ్మవలసిన జాబితాలో చేర్చింది. అయినా చీటీ అడిగే దుకాణాలు ఎన్ని ఉన్నాయో మనకు తెలియనిది కాదు. చీటీ అడగవలసినది దుకాణదారుడే అయినా, వద్దనవలసినది మనమే.

ఇంతకన్నా ఘోరమైనది పాదరసం కలిపిన తెల్లబరిచే క్రీము. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రపిండాల జబ్బుతో వచ్చిన రోగులను పరీక్షించిన వైద్యులు, వారిలో పలువురు అలాంటి క్రీములు వాడినట్లు గుర్తించారు. ముఖానికి పూసినది రక్తంలో కలిసి మూత్రపిండాలను చేరింది. తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా లేని డబ్బాను, విదేశం నుండి ఎవరో తెచ్చి ఇచ్చిన పేరు తెలియని క్రీమును ముట్టకూడదు. బంగారు, వెండి నగలకు తగలనివ్వవద్దని రాసి ఉన్న క్రీములో పాదరసం ఉండే అవకాశం ఉన్నది. జాబితాలో మెర్క్యురీ, కేలమెల్ అనే మాటలు కనిపిస్తే అక్కడే వదిలివేయాలి. గల్ఫ్ నుండి సెలవుకు వచ్చే సోదరులు చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు కానుకగా ఇటువంటివి తేవద్దని వినయంగా కోరుతున్నాం.

దాచుకోవడంలో నష్టం

వసతి గృహాలున్న మదరసాలలో పనిచేసే మాకు బాగా తెలిసిన శత్రువు గజ్జి. వేళ్ళ సందులలో, మణికట్టు వద్ద, నడుము చుట్టూ పొక్కులు లేచి, రాత్రిపూట దురద ఎక్కువవుతుంది. కంటికి కనిపించనంత చిన్న పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టడం దీనికి కారణం. ఒక్క పిల్లవానికి మందు రాస్తే లాభం లేదు. గదిలో ఉన్నవారందరూ, ఇంట్లో అయితే దురద ఉన్నా లేకున్నా కుటుంబమంతా, ఒకే రాత్రి వైద్యుడు చెప్పిన మందును మెడ నుండి అరికాలి వరకు రాసుకోవాలి. మరునాడు దుప్పట్లు, బట్టలు వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయాలి. ఉతకలేనివాటిని ఒక సంచిలో మూటకట్టి వారం రోజులు పక్కన పెట్టాలి. వైద్యుడు చెప్పినట్లు మందును మరోసారి రాయాలి. సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవాడు దురద అంటే తల్లిదండ్రులు అతనిని మందలించకుండా, మదరసాకు కూడా తెలియజేస్తే ఎందరో పిల్లలకు నిద్ర దక్కుతుంది.

గజ్జల్లోని తామరను సిగ్గుతో దాచుకునే యువకులు ఎందరో. ఇంటి యజమాని దాచుకున్న జబ్బు కలిసి వాడే తువ్వాలు మీదుగా, పడక మీదుగా భార్యాపిల్లలకు చేరుతుంది. హయా విశ్వాసంలో భాగమే, కానీ వైద్యుని ముందు జబ్బును చెప్పుకోవడం దానికి విరుద్ధం కాదు.

కొన్ని సూచనలను మాత్రం ఇంటి వైద్యంతో సరిపెట్టుకోకూడదు. చర్మం మీద పాలిపోయిన లేదా రాగిరంగు మచ్చ ఏర్పడి, అక్కడ స్పర్శ తెలియకపోతే అది కుష్టు కావచ్చు. దానికి ప్రభుత్వాసుపత్రులలో మందులు ఉచితం, తొందరగా వాడితే వైకల్యం లేకుండా నయమవుతుంది. నెల దాటినా మానని పుండు, ఉన్నట్టుండి పెరుగుతూ రంగు మారే పుట్టుమచ్చ, జ్వరంతో పాటు ఎర్రగా వ్యాపించే వాపు, మందు వేసుకున్న తరువాత ఒళ్ళంతా లేచిన దద్దుర్లు ఉంటే ఆలస్యం చేయరాదు.

రంగు కాదు, రక్షణ

పురుషునికి కావలసిన చర్మరక్షణ ఎంత చిన్న పనో చూడండి. మితమైన సబ్బు, గోరువెచ్చని నీరు, వేళ్ళ సందులు పొడిగా తుడవడం, స్నానమయ్యాక నాలుగు చుక్కల నూనె, ఎండలో బట్ట నీడ, ఎవరి తువ్వాలు వారిది, చీటీ లేని ట్యూబు ఇంటికి రానివ్వకపోవడం. రోజుకు పావుగంట కూడా పట్టదు. బీడీ, సిగరెట్ మానితే గాయాలు త్వరగా మానతాయి, ముఖం అకాలంగా ముడతలు పడదు.

ఈ విషయంలో ఇంటి స్త్రీల మాట బలమైనది. అమ్మీ గానీ, భార్య గానీ, అక్క గానీ ఒకసారి ఆ మడమలు చూపించమని అడిగితే, ఆ మెడ మీద మచ్చ ఎప్పటి నుండి ఉన్నదని ప్రశ్నిస్తే, మగవాడు తనంతట తాను చెప్పుకోలేనిది బయటపడుతుంది. అలాగే సంబంధాలు చూసేవేళ అబ్బాయి చామనఛాయ అని పెదవి విరిచే మాటను మన కుటుంబాల నుండి తొలగించాలి. ఆ మాటే ఆ ట్యూబును కొనిపించింది. హజ్రత్ బిలాల్ (రజి) పేరును ప్రేమతో మన పిల్లలకు పెట్టుకునే సమాజం మనది. నలుపును తక్కువగా చూసే హక్కు ఎవరికైనా ఉంటే ఉండవచ్చు గానీ, మనకు లేదు.

కష్టపడిన చేతులకు నూనె రాసుకోవడం విలాసం కాదు. రేపు మళ్ళీ పనికి వెళ్ళవలసిన చేతులవి, సజ్దాలో నేలను తాకవలసిన చేతులవి. వాటిని మనకు అప్పగించినవాడు వాటి గురించి మనల్ని అడుగుతాడు. ఆ అమానత్‌ను చక్కగా కాపాడుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక, ఆమీన్.